ఒక్కసారే చెబుతుంది

సోంబరు ఇంకా కొండ మీదికి చేరలేదు. చేరగానే వాకీటాకీలో చెప్పమన్నాను. చెప్పలేదు కాబట్టి చేరలేదు, లేకపోతే చేరి చెప్పడం మరిచిపోయాడు, లేకపోతే ఏ బటన్ నొక్కి మాట్లాడాలో మరిచిపోయి దాన్ని చెవికి ఆనించుకుని రాతి మీద కూర్చున్నాడు. ఏదైనా కావచ్చు. షెడ్డులో ఉక్కపోస్తోంది. కొండ మీద చైత్రంలో కూడా చల్లగా ఉంటుందని విశాఖపట్నంలో వాళ్లు అనుకుంటారు, రేకు కింద కూర్చుంటే తెలుస్తుంది. బల్ల మీద పెట్టె, పెట్టెకు తగిలించిన తీగ, తీగ చివర నా లాప్‌టాప్, నల్లటి తెర మీద ఒక చిన్న గీత వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. దాన్నే చూస్తున్నాను. అది ఒక్క మాట అనాలి. సోంబరు పైన తీగ లాగాక అంటుంది, లేదా అనదు. అనేదేదో రోనాల్డ్ జీపు ఇక్కడికి వచ్చేలోగా అనాలి. వాడు ఇంజనీరమ్మను వెంటబెట్టుకుని అనంతగిరి దాటి వస్తున్నాడు. పెట్టె బాగుందని ఆవిడ చేత సంతకం పెట్టించుకుని పోతాడు. పోతే ఈ పెట్టె ఇలాగే ఉండిపోతుంది. వానలు వస్తాయి. కొండ జారిననాడు ఇది కూయాలి, కూయకపోతే కింద గూడెం ఉంది. గూడెంలో మా అత్త యర్రమ్మ ఉంది. రోనాల్డ్‌కు కన్నతల్లి. వాడికి గుర్తుందో లేదో.

చెప్పడానికి ఇది చాలా చిన్న పెట్టె. పైన కొండ నెత్తిన మట్టి పగుళ్లకు అడ్డంగా ఒక తీగ కట్టాం, మట్టి కదిలితే తీగ లాగబడుతుంది, అక్కడి రేడియో ఇక్కడికి కబురు పంపుతుంది, ఇక్కడి పెట్టె సైరన్ కొడుతుంది, గూడెంవాళ్లు లేచి బడి ఉన్న మెట్ట మీదకు పరిగెత్తాలి. అంతే. దీనికి మీటింగులు పెట్టారు. టీలు తాగారు. కంపెనీ గోడ మీద బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టారు. ఆ బాణాల్లో ఏ ఒక్కటీ ఎక్కడ ఇరుక్కుంటుందో గీయలేదు. పెట్టె లోపల కెర్నల్ అని ఒకటి ఉంటుంది, పెట్టెలో ఎవరు ఎప్పుడు ఏ పని చెయ్యాలో అది చెబుతుంది, నా పని దానితో. ఏం పని చేస్తావు అని పాచిపెంటలో మా అన్న అడిగితే మొదట్లో చెప్పడానికి ప్రయత్నించాను. ఇప్పుడు రేడియో రిపేరు అంటాను. అదీ అబద్ధం కాదు. పాక బడిలో చదువుకుని, పార్వతీపురం బస్టాండు వెనక రేడియో కొట్లో ఏళ్ల తరబడి కాలిన రెసిస్టర్లు పీకి, అక్కణ్ణుంచి వైర్‌లెస్ సెట్లకు, అక్కణ్ణుంచి కంప్యూటరుకు వచ్చినవాణ్ణి. రోనాల్డ్ అలా కాదు. మిషన్ హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదివాడు. నాకంటే మంచి పనిమంతుడు, ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే ఇంకా మండుతుంది. చేతకానివాడు తప్పు చేస్తే ఒక రకం.

వాకీటాకీ గరగరమంది. తీశాను.

“అల్లుడా, ఇనబడతందా? ఆడగుంటలు నన్ను ఆపీసినారు.”

“నిన్నెందుకు ఆపుతారు మామా, నువ్వు బండివా?”

“బండిని కాను గానీ మొగోణ్ణే కదేటి. విల్లట్టుకోకుండా ఈ డబ్బా అట్టుకుని కొండెక్కుతన్నానని ఎక్కిరిస్తన్నారు. ఉట్టి సేతుల్తో దిగితే పేడనీల్లు మీద కొడతారంట.”

ఇటుకల పండుగ. ఆ సంగతి నాకు తెలియదని కాదు. గూడెం అల్లుణ్ణి, ఎన్ని చూశాను. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వాసం పెట్టి వచ్చీపోయే బండినల్లా ఆపుతారు, వేట దొరక్కుండా దిగినవాడి మీద పేడనీళ్లు పోస్తారు. వారం మొత్తం ఇదే. ఈ వారంలోనే సంతకానికి రోజు పెట్టాలా అని రోనాల్డ్‌ను అడిగాను. క్యాలెండరులో సెలవు లేదు బావా అన్నాడు. అదే గూడెంలో పుట్టి, చిన్నప్పుడు అదే వాసం కింద నుంచి దూరి పారిపోయినవాడు. క్యాలెండరంట. సోంబరుతో అన్నాను, మామా, నవ్వితే నవ్వనీ, నువ్వు బేగి ఎక్కు, పేడనీళ్లు పోస్తే స్నానానికి సబ్బు నేను కొంటాను. వాసన సబ్బయితేనే ఎక్కుతానన్నాడు. సరే అన్నాను. కింద ఎక్కడో డప్పు మోగుతోంది. అంతకంటే కింద ఒక జీపు గేరు మార్చుకుంటోంది, అది వాళ్లదో కాదో తెలియదు. గీత వెలిగి ఆరుతోంది.

ఏమిటి ఈ గొడవంతా అంటే సంగతి ఇది. పెట్టెలో చిప్పు ఒకటే. ఒకసారికి ఒక పనే చేస్తుంది. పని మధ్యలో రేడియోకు కబురొస్తే చేస్తున్నది అక్కడికక్కడ వదిలేసి ముందు ఆ కబురు అందుకోవాలి, అది అయ్యాక వదిలిన పనికి తిరిగి రావాలి. ఆ మధ్యలో రావడాన్ని ఇంటరప్ట్ అంటారు. ఇప్పుడు రావద్దు అని దాన్ని కాసేపు మూసి ఉంచవచ్చు, మళ్లీ తెరవవచ్చు. ఇక లాక్. సైరన్‌ను ఒకరు వాడుతుండగా ఇంకొకరు ముట్టుకోకూడదు కాబట్టి వాడేవాడు లాక్ పట్టుకుంటాడు, రెండోవాడు అది వదిలేదాకా అక్కడే నిలబడతాడు. బాగానే ఉంది. షెడ్డు గోడకు ఒక స్విచ్చు ఉంది, సైరన్ పరీక్షకు, నొక్కితే షెడ్డు దాటనంత చిన్న కూత. అది నొక్కినప్పుడు మామూలు పని ఒకటి లాక్ పట్టుకుంటుంది. రోనాల్డ్ రాసిన కోడులో అలా పట్టుకునేటప్పుడు ఇంటరప్టులు తెరిచే ఉంటాయి. సరిగ్గా ఆ క్షణంలో కొండ మీద తీగ లాగబడిందనుకోండి. కబురు వస్తుంది. మామూలు పని మధ్యలో ఆగుతుంది. కబురందుకున్నది సైరన్ కొట్టడానికి అదే లాక్ అడుగుతుంది. లాక్ ఎవరి దగ్గరుంది, తాను ఆపేసిన పని దగ్గర. ఆ పని కదలాలంటే ఇది పక్కకు తప్పుకోవాలి. ఇది తప్పుకోవాలంటే ఆ పని లాక్ వదలాలి. ఇక కదలదు. కరెంటు తీసి పెట్టేదాకా అలాగే ఉంటుంది. పెట్టె మీద పచ్చలైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. చూసేవాడికి ఏ లోటూ కనబడదు.

రోనాల్డ్ అంటాడు, అంత సరిగ్గా ఆ క్షణంలోనే పడాలి కదా అని. పడుతుందా అని అడుగుతాడు. వానాకాలం పొద్దున్న కాపలావాడు వచ్చి పరీక్షకు స్విచ్చు నొక్కుతాడు, రాత్రంతా తడిసిన కొండ ఆ పొద్దున్నే జారాలని ఉంటే జారుతుంది. క్షణాలు చూసుకుని జారదు. వాడు అడగాల్సిన ప్రశ్న అది కాదు.

దీనికోసమే కెర్నల్‌లో ఒక తనిఖీ ఉంది. లాక్‌డెప్ అంటారు, అది కెర్నల్‌లోకి వచ్చి పూర్తిగా ఏడాది కూడా కాలేదు. దాన్ని తయారుచేసినవాళ్లెవరో నాకు తెలియదు గాని వాళ్లంటే గౌరవం. అది ప్రమాదం జరిగేదాకా ఆగదు. ఏ లాక్‌ను ఎవరెవరు ఎలాంటప్పుడు పట్టుకున్నారో గుర్తు పెట్టుకుంటుంది. ఇదే లాక్‌ను నిన్న ఇంటరప్టులు తెరిచి ఉండగా ఒకడు పట్టుకున్నాడు, ఇవాళ ఇంటరప్టు లోపల ఇంకొకడు పట్టుకున్నాడు, ఇద్దరూ ఒకనాడు ఎదురుపడతారు అని ముందే చెబుతుంది. ఎదురుపడక్కర్లేదు. ఇద్దరినీ విడివిడిగా ఒక్కొక్కసారి చూస్తే చాలు. అయితే ఒకటి. ఇంటరప్టులు ఇప్పుడు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అని దానికి ప్రతి క్షణం తెలియాలి. తెరిచినప్పుడల్లా మూసినప్పుడల్లా దానికి ఒక మాట చెప్పాలి. కోడు పైభాగంలో ఆ చెప్పడం ఎవరో ముందే రాసి పెట్టారు. అడుగున, చిప్పు భాషలో నేరుగా రాసే నాలుగు పేజీలు ఉంటాయి, అక్కడ ప్రతి దారికీ చేత్తో రాయాలి. మా బోర్డుకు ఆ దారుల్లో ఒకదానికి ఎవరూ రాయలేదు. పని మధ్యలో ఏదైనా పొరపాటు తగిలితే దాన్ని సర్దుకుని చిప్పు వెనక్కి వచ్చే దారి అది, ఎవరూ పెద్దగా నడవనిది. ఆ దారిలో వచ్చినప్పుడు ఇంటరప్టులు తెరుచుకుంటాయి, తనిఖీకి చెప్పేవాడు లేడు, అది మూసే ఉన్నాయనుకుంటుంది. కాసేపటికి తనకు తెలిసినదీ చిప్పులో ఉన్నదీ పోల్చి చూసుకుని, తేడా కనబడి, లెక్క తప్పిందని అరుస్తుంది. అరిచి ఏం చేస్తుంది. తన లెక్కే తప్పినప్పుడు ఇక తను ఏం చెప్పినా నమ్మకూడదు కాబట్టి తనను తాను ఆపేసుకుంటుంది. అది మర్యాద తెలిసినవాళ్లు రాసిన కోడు. ఒక్కసారే చెబుతుంది. తర్వాత పెట్టెను తీసి మళ్లీ పెట్టేదాకా నోరెత్తదు.

దీన్ని మావాళ్లు ఎలా అర్థం చేసుకున్నారు. పెట్టె లేవగానే ఏదో ఒక అరుపు అరుస్తుంది, అది ఉత్తదే, బోర్డు అలవాటు, పట్టించుకోకండి. ఆ తర్వాత, పండుగకు ముందు, వారమంతా పరీక్ష జరిగింది, రోజూ సోంబరు తీగ లాగాడు, రోజూ సైరన్ కూసింది, తనిఖీ ఒక్క మాటా అనలేదు. చూశారా, శుభ్రం. రోనాల్డ్ ఆ మాట అందరికీ చెప్పాడు. ఇక కోడు ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకుంటే వారం పరీక్ష మళ్లీ మొదటికి. ఆఫీసులో బల్ల మీద అయితే రేడియోనే లేదు, తీగ గుచ్చి కబురు లోపలికి పంపేవాళ్లం, అక్కడ ఇంటరప్టే రాదు, అక్కడా శుభ్రమే. రెండు శుభ్రాలు. ఇవాళ పొద్దున్న ఇక్కడ కూర్చుని, పెట్టె తన మటుకు తాను రాసుకున్న మొదటి రోజు రాతలు మొదటినుంచి చదివాను. ఎవరూ చదవరు కాబట్టి. అరుపు ఉంది. అరుపు కింద ఒక చిన్న వాక్యం ఉంది, తనిఖీ ఆపివేయబడింది అని. వారం మొదట్లోనే. పెట్టె ఇంకా పూర్తిగా లేవకముందే. అంటే వారమంతా అక్కడ చూసేవాడు లేడు. కాపలావాడు మొదటి గంటలోనే లేచిపోయిన గుడిసె ముందు నిలబడి, దొంగలు లేరు దొంగలు లేరు అని వీళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ దారికి చెప్పాల్సిన మాట నేను రాశాను. పెట్టె మళ్లీ లేపాను. ఈసారి అరవలేదు. గోడ మీది స్విచ్చు నొక్కాను, ఒక పక్క చూసింది. రెండో పక్క చూడాలంటే రేడియో కబురు రావాలి. కబురు రావాలంటే సోంబరు చేరాలి. నడవడానికి ఎంత కష్టం, ఎక్కినవాళ్లు లేరా ఏమిటి. కృపావతి అయితే ఈపాటికి ఎక్కి దిగేది.

కృపావతి కూడా ఒక్కసారే చెప్పేది. నా భార్య. ఈ గూడెంలోనే బడి చెప్పేది. పెళ్లయిన కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు. కప్పు కురుస్తోంది అని ఒకసారి అనేది. రెండోసారి అనదు. కురిసేచోట గిన్నె పెట్టి ఊరుకునేది. నేను కప్పు బాగయిందనుకునేవాణ్ణి. ఒకరోజు గిన్నె తన్నుకుని పడితే తెలిసింది. అలిగిందా అంటే కాదు, చెప్పింది కదా, చెప్పాక ఇంక ఏముంది, వినేవాడి పని. పిల్లలతోనూ అంతే. ఎక్కం ఒకసారి చెప్పి కూర్చునేది, గదంతా నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దానికి భయపడి గుంటలు నేర్చుకునేవాళ్లు. యర్రమ్మకు ఇది నచ్చేది కాదు, నోట్లో ముత్యాలున్నాయేటి అనేది. నేను నెమ్మదిగా నేర్చుకున్నాను. ఆవిడ ఊరుకుంటే వెళ్లి చూడాలి. ఊరుకున్నది కదా అని మనం ఊరుకోకూడదు. అది నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే, ఆ రోజు నేను అక్కడ లేను, పార్వతీపురంలో ఏదో టవరెక్కి ఉన్నాను. వానాకాలం. జ్వరం. తల పగిలిపోతంది తమ్ముడా అని రోనాల్డ్‌తో ఒకసారి అంది. వాడు జీపు మాట్లాడి దవాఖానాకు తీసుకెళ్లాడు, అది చేశాడు, కాదనను. సాయంత్రం బూత్ నుంచి ఫోన్ చేశాడు. బావా, ఊరుకుంది, నిద్రపోతంది, కంగారేం లేదు, పొద్దున్న రా. నర్సు కూడా అదే అందట. జ్వరం తలకెక్కిన మనిషిని పిలిచి చూడాలి. పేరు పెట్టి పిలవాలి. పలికితే నిద్ర, పలక్కపోతే నిద్ర కాదు. ఈ కొండల్లో పశువులు కాసేవాడికి కూడా తెలుసు. ఆ గదిలో ఎవరూ పిలవలేదు. నిద్ర పాడుచెయ్యకూడదని తలుపు దగ్గరగా వేశారట. నేను పొద్దున్నే వెళ్లాను. చర్చిలో దేవుడి చిత్తమన్నారు. ఆ మాట అన్నవాళ్లతో నేను మళ్లీ మాట్లాడలేదు. రోనాల్డ్‌తో మాట్లాడుతున్నాను, ఒకే కంపెనీ కాబట్టి, ఇంటరప్టుల గురించి.

అయినా ఇది తలుచుకోవడానికి కాదు ఇక్కడ కూర్చున్నది. మనిషిని తెచ్చి పెట్టెతో పోల్చేవాళ్లంటే నాకు పరమ అసహ్యం. పెట్టెను తీసి మళ్లీ పెడితే లేస్తుంది.

వాకీటాకీ.

“సేరినాను అల్లుడా. కానీ తీగ కాడే ఏటగాళ్లు మాటేసున్నారు. కూతెడితే అడివంతా కాళీ అయిపోద్దంట. ముట్టుకుంటే నా సెయ్యిరిసేత్తారంట.”

ఇది నేను అనుకోలేదు. ఇంకా ఏమేమి అనుకోవాలి నేను. మట్టి జారుతుందని అనుకున్నాను, వాన వస్తుందని అనుకున్నాను, బ్యాటరీ అయిపోతుందని అనుకున్నాను, సైరన్ కూస్తే అడవిపంది పారిపోతుందని ఏ మీటింగులోనూ ఎవరూ అనలేదు. పాపం వాళ్లదీ నిజమే. పొద్దుటినుంచి పొదల్లో పడుకుని ఉంటారు. ఖాళీ చేతులతో దిగితే పేడనీళ్లు వాళ్లకూ తప్పవు. సాయంత్రందాకా ఆగు అంటున్నారట. సాయంత్రానికి సంతకం ఎండి ఉంటుంది. కింద జీపు హారన్ వినిపించింది, ఆగి ఆగి రెండుసార్లు, ఆ వెంటనే ఆడవాళ్ల నవ్వులు. వాసం దగ్గర ఆగారన్నమాట. అది వాళ్లే. వాళ్లను గుంటలు ఎంతసేపు ఆపగలరు. అలా అని రోనాల్డ్ పేచీ పెడతాడా, పెట్టడు, నవ్వుతూ చిల్లర తీసి ఇస్తాడు. అప్పుడు తట్టింది నాకు. సైరన్ కూయాల్సిన అవసరం ఏముంది. పెట్టె కబురు అందుకోవాలి, లాక్ పట్టుకోవాలి, అంతే కదా తనిఖీకి కావలసింది. కూత లోకానికి. సైరన్‌కు పోయే తీగ రెండు మరలు విప్పితే ఊడుతుంది.

“కూత వినబడదని వాళ్లకు చెప్పు మామా. సైరన్ పీకేస్తున్నాను.”

“పీకేత్తే మరింక తీగ లాగడమెందుకు?”

“నువ్వు లాగు.”

“లాగుతాను గానీ, సెవిటోడి ముందు శంకూదినట్టున్నాది నీ పని.”

ఒక మర వచ్చింది. రెండోది తుప్పు పట్టి కదల్లేదు. కంపెనీవాళ్లు తుప్పు పట్టని మరలు అన్నారు. ఒక్క వానాకాలం కూడా చూడకుండానే పట్టింది. వేలి చర్మం లేచింది. తిట్టాను, ఎవర్నని కాదు, అందర్నీ, మరలు అమ్మినవాణ్ణీ కొన్నవాణ్ణీ, చైత్రమాసాన్నీ. కదిలింది. తీగ ఊడి చేతికి వచ్చింది. లాగు మామా అన్నాను. లాగుతున్నానన్నాడు. పైన ఎవరో సోంబరును గుసగుసగా కసురుతున్నారు, మెల్లగా మాట్లాడమని. నేను తెర వైపు తిరిగాను. గీత వెలిగి ఆరింది. ఏమీ లేదు. ఒకవేళ నా అనుమానమే తప్పయితే. ఒకవేళ ఆ దారి ఒక్కటే కాక ఇంకో దారి కూడా ఉండి తనిఖీ ఈపాటికి మళ్లీ మూగదైపోయి ఉంటే. ఒకవేళ రోనాల్డ్ కోడు మంచిదే అయి ఉంటే. అదే జరగాలని ఒక్క క్షణం కోరుకున్నాను కూడా, అది నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. అప్పుడు తెర కదిలింది. వరసమీద వరస కిందినుంచి పైకి తోసుకుంటూ వచ్చింది. లాక్ పరిస్థితి పొసగడం లేదు అంది. సైరన్ లాక్ పేరు చెప్పింది. ఇంటరప్టులు తెరిచి ఉండగా ఫలానా చోట పట్టుకున్నారు, ఇప్పుడు ఇంటరప్టు లోపల ఫలానా చోట పట్టుకున్నారు. ఇంటరప్టులు చివరిసారి ఎక్కడ తెరుచుకున్నాయి, చివరిసారి ఎక్కడ మూసుకున్నాయి, అన్నీ, వరసగా, ఊరి పెద్ద పంచాయితీలో చెప్పినట్టు. తర్వాత ఊరుకుంది. బయట ఒక్క పిట్ట కూడా ఎగరలేదు. లాగినానల్లుడా, ఏటైనా అయిందా, అని సోంబరు అడుగుతున్నాడు. అయింది మామా అన్నాను. అక్కడే ఉండు, దిగకు.

జీపు వచ్చి ఆగింది. రోనాల్డ్ మొదట చూసింది నా చేతిలో ఊడిన తీగ. మళ్లీ ముట్టుకున్నావా బావా అన్నాడు. అరవలేదు, వాడు అరవడు. వాడి వెనక హేమలత అని ఇంజనీరమ్మ, నడివయసు మనిషి, చెప్పులకు మట్టి, వాసం దగ్గర గుంటలు కట్టిన అడవిపూలు చేతిలో అలాగే ఉన్నాయి, ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుని ఉంది. సైరన్ వినిపిస్తామన్నారు కదా అంది. వేటగాళ్లు ఒప్పుకోలేదండీ, సాయంత్రం వినిపిస్తామన్నాను. ఆవిడ నవ్వింది, మాది పాడేరు లెండి, నాకు తెలుసు అంది. నేను పొద్దుటినుంచి తయారుచేసుకున్న మాటలు నోట్లో ఉన్నాయి. రోనాల్డ్‌ను అనాల్సినవి. ఒక్కొక్కటీ పదును పెట్టి ఉంచాను. వాడు బల్ల దగ్గరికి వచ్చి వంగి తెర చదివాడు. వాడు చదివే వేగం నాకు తెలుసు, పేరు చూడగానే తెలిసిపోతుంది వాడికి, వాడి కోడే కదా. పూర్తిగా చదివాడు. వారమంతా ఎందుకు చెప్పలేదిది అన్నాడు, నన్ను కాదు, తెరను. మొదటి రోజుది తీసి చూడు అన్నాను. తీశాడు. అరుపు దగ్గర ఆగాడు. దాని కింద ఆ చిన్న వాక్యం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు. నేను నోరు తెరిచాను. అప్పటికే వాడు హేమలత వైపు తిరిగాడు.

“మేడం, సంతకం వద్దు. వారమంతా ఇది చూస్తోందనుకున్నాం. మొదటిరోజే ఆగిపోయింది. ఊరుకుంది కదా, బాగుందనుకున్నాను.”

పెట్టె చెడిపోయిందా అని ఆవిడ అడిగింది. చెడిపోలేదు, చెడిపోతుందని చెప్పేది చెడిపోయింది, అది మా బావ బాగుచేశాడు, ఇప్పుడు అసలు తప్పు కనబడింది, అది నేను రాసినది, అన్నాడు రోనాల్డ్. అన్నీ అదే గొంతుతో. దిద్దితే వారం మళ్లీ మొదటికి కదా అంది ఆవిడ. అవును. వానలకు ముందే అవుతుంది కదా. అవుతుంది. అయితే ఇంకేం, మళ్లీ వారం చెయ్యండి, ఈసారి పండగ చూసుకుని పిలవండి అని ఆవిడ పూలు బల్ల చివర పెట్టి, నీడలో నిలబడడానికి బయటకు వెళ్లింది. ఇంత సులువుగా. నా మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇంత సులువుగా ఒప్పుకునేవాడు ముందే ఎందుకు చూడడు. ఒకడితో పోట్లాడదామని కొండెక్కి కూర్చుంటే వాడు వచ్చి తానే తల వంచుకుంటే ఏం చెయ్యాలి. కోపం పెట్టుకోవడానికి చోటు లేక చిరాకు వేసింది. వాడు బెంచీ మీద కూర్చుని కోడు తీశాడు. లాక్ పట్టుకునేముందు ఇంటరప్టులు మూసి, వదిలాక ముందెలా ఉన్నాయో అలా పెట్టే మాట, రెండు చోట్ల. వాడి వేళ్లు వాళ్ల అక్క వేళ్లలా ఉంటాయి, పొడుగ్గా. నేను ఎప్పుడూ చూడను. ఇవాళ బెంచీ చిన్నది.

పెట్టె తీసి మళ్లీ పెట్టాం. లేచింది. అరవలేదు. నేను లేచి గోడ మీది స్విచ్చు నొక్కాను. వాకీటాకీలో సోంబరును మళ్లీ లాగమన్నాను. మళ్లీయా, వీళ్లు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తన్నారు అన్నాడు. లాగు మామా. లాగాడు. తెర మీద సైరన్ మోగింది అని పెట్టె తన మటుకు తాను ఒక ముక్క రాసుకుంది. మోగడానికి సైరన్ లేదు, దానికి తెలియదు. కబురు వచ్చింది, లాక్ పట్టింది, వదిలింది. తనిఖీ ఏమీ అనలేదు. ఇద్దరం చూస్తున్నాం. వారమంతా కూడా ఇది ఇలాగే ఉంది, ఇదే నలుపు, ఇదే గీత. అప్పటికీ ఇప్పటికీ చూపుకు ఏ తేడా లేదు. రోనాల్డ్ తెర దగ్గరికి వంగాడు.

“ఏమీ అనలేదు బావా.”

“అనలేదు.”

“మెలకువగా ఉందా?”

నేను వాడి ముఖం చూశాను. వాడు తెరనే చూస్తున్నాడు, చెంప మీద చెమట కారుతోంది, తుడుచుకోవడం లేదు. వాడు అడిగింది పెట్టె సంగతే. నేను విన్నది కూడా పెట్టె సంగతే అనుకోవడానికి ప్రయత్నించాను. ఈ ప్రశ్న అడగడం వాడికి వచ్చు. ఇప్పుడు వచ్చు. దానితో నాకు ఏమీ తిరిగి రాదు, వాడిని నేను క్షమించను, ఆ పని నావల్ల కాదు, ఎవరూ అడగనూ లేదు. కాని గూడెంలో యర్రమ్మ ఉంది. తనిఖీ బతికి ఉందా అని అడగడానికి ఒక ఆజ్ఞ ఉంది, చాలా చిన్నది, బతికి ఉంటే ఒకటి అని చెబుతుంది, లేకపోతే సున్నా. టైపు చెయ్యడానికి చెయ్యి చాపాను. చాపి వెనక్కి తీసుకున్నాను. బెంచీ మీద పక్కకు జరిగి లాప్‌టాప్ వాడి వైపు తోశాను.

“నువ్వే అడుగు.”

వాడు అడిగాడు. ఒకటి అంది. వాడు కాసేపు ఆగి మళ్లీ అడిగాడు.